రెండు హెల్మెట్ల మధ్య వైరు

హెల్మెట్‌లో పెట్టుకుని మాట్లాడుకునే సెట్టు కొనడానికి వెళ్ళి, కొట్లో కుర్చీల్లో కూర్చుని "హలో, వినపడుతోందా?" అని పరీక్షలు చేసుకునే మొగుడూ పెళ్ళాలను చూస్తే నాకు నవ్వొస్తుంది. కొట్లో ఎవరి మాటైనా ఎవరికైనా వినపడుతుంది, దానికి సెట్టెందుకు? బండి మీద, కాలవగట్టు రోడ్డు మీద, ఎదురుగాలి కొడుతూ, వెనకాల ధాన్యం లారీ హారన్ మోగిస్తుంటే వినపడాలి. ఈ విషయంలో మాత్రం నా మాట వినండి అని ఎవరికైనా చెప్పగలను. తొంభైల చివర్లో మా వైపు ఆడది హెల్మెట్ పెట్టుకుంటేనే వింతగా చూసేవాళ్ళు. నేను ఆ హెల్మెట్‌లో మైకు కూడా పెట్టించుకుని తిరిగాను. మూడు సెట్లు మార్చాను. ఆ మూడోదాన్ని ఎంచుకున్న తీరు గురించి గర్వంగానే చెప్పుకుంటాను.

అంత పట్టుదల ఎందుకంటే, ముందు మా ఇంటి గోడల గురించి చెప్పాలి.

మాది కడియంలో పెద్ద పెంకుటిల్లు. మావగారికి నర్సరీ. ఇంట్లో అత్తగారు, మావగారు, మరిది, తోటికోడలు, పిల్లలు, అది చాలనట్టు మొక్కల కోసం వచ్చే లారీల మనుషులు. గదులకు గోడలున్నాయి గానీ అవి పైకప్పు దాకా వెళ్ళవు. మనిషి ఎత్తు దాటాక, ఇక చాలనుకున్నట్టు ఆగిపోతాయి. గోడలకు చెవులుంటాయంటారు. మా గోడలకు చెవులతో పని లేదు, మాట వాటి నెత్తి మీద నుంచే అవతలికి దూకేది. మా గదిలో నేను "తలనొప్పిగా ఉందండీ" అంటే, వంటింట్లోంచి అత్తగారు "శొంఠి పట్టు వేసుకోమ్మా" అనేవారు. ప్రేమగానే అనేవారు. కానీ ఆ ఇంట్లో నేనూ మావారూ ఒక మాట అనుకోవాలంటే అందరితో కలిసి అనుకోవలసిందే.

పైగా మావారు నోట్లో నాలుక లేని మనిషి. ఎదురుగా కూర్చుని ఏదైనా అడిగితే తల వంచి గోళ్ళు చూసుకుంటారు. పెళ్ళయిన కొత్తలో నేనంటే ఇష్టం లేదేమో అనుకుని ఏడ్చాను కూడా. తర్వాత కిటుకు తెలిసింది. ఆయన్ను బండి ఎక్కించాలి. చేతులు హ్యాండిల్ మీద, కళ్ళు రోడ్డు మీద ఉండగా, వెనక నుంచి ఎడమ చెవిలో అడగాలి. అప్పుడు మనసులో ఉన్నది ఉన్నట్టు వస్తుంది. పెద్ద మాటలేం కావు. ఊ, సరే, వద్దు, చూద్దాం. ఆ నాలుగు మాటలతోనే మా సంసారం నడిచింది.

ఆయన మండపేటలో సహకార బ్యాంకు గుమాస్తా. నేను ఆ దారిలోనే హైస్కూల్లో లెక్కల టీచర్ని. పొద్దున నన్ను స్కూలు దగ్గర దింపి ఆయన ముందుకు వెళ్ళేవారు, సాయంత్రం ఎక్కించుకుని వచ్చేవారు. ఆ రోడ్డే మా గది. అమ్మాయిని ఏ స్కూల్లో వెయ్యాలో, మరిది అడిగిన సాయం చెయ్యాలో వద్దో, పండక్కి మా పుట్టింటికి వెళ్ళాలో లేదో, అన్నీ వరిచేల మధ్య, గాలిలో తేలిపోయాయి. ఇల్లు చేరేసరికి ఇద్దరం ఒకే మాట మీద ఉండేవాళ్ళం. మా ఇంట్లో అందరూ మమ్మల్ని ఎంత కలిసిమెలిసి ఉంటారో అనుకునేవారు. ఎలా కలుస్తామో, ఎక్కడ మెలుస్తామో వాళ్ళకు తెలియదని నేననుకునేదాన్ని.

ఒక కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోశారు. మా వైపు అది మామూలే, సగం రోడ్డు బళ్ళకు, సగం వడ్లకు. ఎదురుగా లారీ వస్తే మావారు వడ్ల మీదకు దిగారు. బండి జారింది. నేను గడ్డి మీద పడ్డాను కాబట్టి మోచెయ్యి గీసుకుపోవడంతో సరిపోయింది. ఆయన నుదురు కల్వర్టు గోడకు తగిలింది. కళ్ళ మీదుగా రక్తం కారుతుంటే ఆయన "నీకేం కాలేదు కదా" అన్నారు. అప్పటిదాకా ఆయన నా ముఖం చూస్తూ అన్న పెద్ద వాక్యం అదే. కుట్లు పడ్డాయి. డాక్టరుగారు ఇంకో అంగుళం పక్కన తగిలుంటే అని ఆపేశారు. ఆయన ఆపేసిన మాట నాకు పూర్తిగా వినపడింది.

ఇక నెత్తి మీద హెల్మెట్ లేకుండా ఈ బండి చక్రం తిరగదని తేల్చేశాను. రాజమండ్రి వెళ్ళి ఆయనకు ముఖమంతా మూసేది, నాకు ముఖం తెరిచి ఉండేది కొన్నాను. ముడి అడ్డొస్తోందని విప్పి జడ వేసుకున్నాను. పూలు జడ చివరికి దిగాయి. "నడుం దగ్గర పూలు పెట్టుకునే ఆడదాన్ని నిన్నే చూస్తున్నానమ్మా" అన్నారు అత్తగారు. స్కూలు పిల్లలు కొన్నాళ్ళు గేటు దగ్గర గుమిగూడి చూశారు, తర్వాత అలవాటు పడ్డారు. నాకు అలవాటు కానిదల్లా ఒక్కటే. ఆయన చెవి పోయింది. చెవి ఉంది, కానీ మందపాటి స్పాంజి వెనకాల ఉంది. నేనేం చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. గట్టిగా అరిస్తే పొలంలో కలుపు తీసేవాళ్ళు తలెత్తి చూసేవారు, ఆయన మాత్రం చూసేవారు కాదు.

సరిగ్గా అప్పుడే నాకు ప్రమోషన్ వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్‌గా పెనుగొండకు వేశారు. గోదావరి దాటి అవతలి జిల్లా. రోజూ వెళ్ళి వచ్చే దూరం కాదు, అక్కడ ఇల్లు తీసుకోవలసిందే. వెళ్తానో లేదో నెలాఖరులోగా చెప్పాలి. వెళ్ళనంటే వద్దని రాసిచ్చెయ్యాలి. అలా రాసిచ్చినవాళ్ళకు మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

మావగారు ఆ సాయంత్రమే తేల్చేశారు. "ఉన్నచోట ఉద్యోగం లక్షణంగా ఉంది. ఊరు కాని ఊరు మనకెందుకమ్మా? వద్దని రాసిచ్చెయ్." ఆయన చెడ్డమనిషి కారు. మొక్కను లారీ ఎక్కించేటప్పుడు వేరు కదలకుండా మట్టిముద్దతో సహా గోనెపట్టా చుట్టి, పసిబిడ్డను అందించినట్టు అందిస్తారు. దేశమంతా మొక్కల్ని పంపిన మనిషికి ఇంట్లో మనిషి కదిలితే మాత్రం గాభరా.

నాకు వెళ్ళాలని ఉంది. దాపరికం ఎందుకు, చాలా ఉంది. ఒక స్కూలు నా చేతికొస్తే ఎలా నడపాలో నాకు తెలుసు. కానీ మావారి మాట తెలియాలి. ఆయన వద్దంటే ఆయనతో పోట్లాడతాను. సరేనంటే ఇంటితో పోట్లాడతాను. అసలేమీ అనకపోతే ఎవరితో పోట్లాడను?

ఒకరోజు కాలవ లాకుల దగ్గర బండి ఆపించి, హెల్మెట్లు తీయించి, ఎదురుగా నిలబెట్టి అడిగాను. ఆయన గోళ్ళు చూసుకోవడం మొదలుపెట్టారు. ఇంతలో సైకిలు మీద ఒకాయన ఆగి "ఏవండోయ్, పెట్రోలు అయిపోయిందేంటండీ?" అన్నాడు. ఆయన వెళ్ళాడో లేదో మా స్కూలు పిల్ల తల్లి ఆగి "ఒంట్లో బాలేదేంటండీ టీచరుగారూ?" అంది. మా రోడ్డు మీద ఆగి ఉన్న బండి ఊరందరి సొంతం. కదులుతున్న బండి మీదే మనుషులు ఒంటరిగా ఉండగలరు. "ఒక్క రోజుకి హెల్మెట్లు లేకుండా వెళ్దామా?" అన్నారు మావారు. నేను ఆయన నుదుటి మీద మచ్చను వేలితో తాకి చూపించాను. ఆయన హెల్మెట్ పెట్టేసుకున్నారు.

స్టాఫ్‌రూములో ఎవరో తెచ్చిన ఇంగ్లీషు పత్రికలో ఒక ఫోటో చూశాను. పెద్ద మోటారు సైకిలు మీద తెల్లవాళ్ళ జంట, ఇద్దరికీ హెల్మెట్లు, ఒక దాన్నుంచి ఇంకో దానికి నల్లటి వైరు. ఆవిడ నోరు తెరిచి ఏదో అంటోంది, ఆయన నవ్వుతున్నాడు. నవ్వుతున్నాడంటే ఆవిడ మాట వినపడిందన్నమాట. ఆ కాగితం అడిగి తీసుకున్నాను.

మొదటి సెట్టు మండపేటలో రేడియో మెకానిక్ చేసిచ్చాడు. పాటలు వినే హెడ్‌ఫోన్లు విప్పి హెల్మెట్లలో అతికించాడు, టేపురికార్డరు మైకులు తగిలించాడు. మాట్లాడాలంటే మీట నొక్కి పట్టుకోవాలి, వదిలితే వినాలి. నా మీట నా ఒళ్ళో. ఆయన మీట హ్యాండిలుకు కట్టాడు, క్లచ్ పక్కన. నేను నొక్కాను, మాట్లాడాను, వదిలాను, ఎదురు చూశాను. ఆయన ఆ మీట ఒక్కసారి కూడా నొక్కలేదు. నొక్కుదామనుకున్నప్పుడల్లా గేదె అడ్డొచ్చిందనో మలుపొచ్చిందనో చెప్పారు. మామూలుగానే మీట నొక్కితే గానీ మాట రాని మనిషికి మళ్ళీ ఒక మీట తగిలించాం. దాన్ని విప్పించేశాను.

రెండోది రాజమండ్రిలో కొన్నాం. ఆ కొట్టాయనకు తెలియని విషయం లేదు, కనీసం ఆయన దృష్టిలో. హెల్మెట్లు, హారన్లు, సీటు కవర్లు అమ్మేవాడు. "ఇది ఫారిన్ సరుకండీ. నొక్కక్కర్లేదు. మీరు మాట్లాడితే అదే తెరుచుకుంటుంది, మీరాపితే అదే మూసుకుంటుంది. ఆయ్, అంత తెలివండీ దీనికి" అన్నాడు. మేం కుర్చీల్లో కూర్చుని హెల్మెట్లు పెట్టుకున్నాం. "ఏవండీ, వినపడుతోందా?" అన్నాను. "చాలా బాగా వినపడుతోంది" అన్నారు మావారు. ఇంకేం కావాలి? నేను ఇప్పుడు చూసి నవ్వే జంటల్లాగే సంబరపడి తెచ్చుకున్నాం.

మర్నాడు పొద్దున కడియం దాటగానే అడిగాను. "ఏవండీ, పెనుగొండ సంగతి ఏమంటారు?"

జవాబు లేదు. గాలి చప్పుడు ఒకసారి భళ్ళున తెరుచుకుని మూసుకుంది. "ఏవండీ, మిమ్మల్నే. వెళ్ళనా, మాననా?" ఏమీ లేదు. ఎదుట ఆయన హెల్మెట్ కొంచెం ఊగింది. గతుకుల రోడ్డు మీద అందరి హెల్మెట్లూ ఊగుతాయి. నేను మెల్లగా అడిగాను, బతిమాలి అడిగాను, చివరికి నిష్ఠూరంగా అడిగాను. చెవిలో నిశ్శబ్దం తప్ప ఏమీ రాలేదు. ఇంత చేసి, ఇంత తిరిగి, నా బతుకు సంగతి అడిగితే ఒక్క ముక్క రాల్చడా ఈ మనిషి అని నాకు ఒళ్ళు మండిపోయింది.

స్కూలు ఎదుట టీ కొట్టు దగ్గర బండి ఆగిందో లేదో దూకి, వెనక్కి చూడకుండా విసవిసా నడిచాను. నడవలేకపోయాను. వైరు సంగతి మర్చిపోయాను. ఆ సెట్టు చేసినవాళ్ళు మనిషి చెరోపక్క కాలు వేసి కూర్చుంటుందనుకుని చేశారు. చీర కట్టుకుని ఎడమ పక్కకు తిరిగి కూర్చునేదాని లెక్క వాళ్ళకు లేదు. వైరు నా హెల్మెట్‌కు ఎడమ వైపున, అంటే ఆయనకు దూరంగా ఉన్న వైపున ఉంది. అది నా మెడ చుట్టూ తిరిగి, పైటలోంచి, జడ కిందుగా దూరి ఆయన దగ్గరకు వెళ్ళింది. ఊడిపోకుండా పిన్నుకు మర బిగించి ఉంది. నేను అడుగులేస్తుంటే ఆయన తల వెనక్కి వంగింది. వంగిన తలతోనే గబగబా బండి దిగి, పలుపుతాడు పట్టి లాగితే వచ్చే దూడలాగా నా వెంట వచ్చారు. టీ కొట్టు దగ్గర నవ్వులు. "టీచరుగారు ఆయన్ని పాఠం చెప్పడానికి తీసుకెళ్తున్నట్టున్నారండోయ్!" అన్నారెవరో.

ఆ కబురు మా కన్నా ముందే ఇల్లు చేరింది. సాయంత్రం గుమ్మంలో అడుగు పెట్టగానే మా తోటికోడలు "ఏంటక్కా, బావగారిని తాడేసి లాక్కెళ్ళావంట?" అని పొట్ట పట్టుకుని నవ్వింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్న సామెత ఎందుకు పుట్టిందో అప్పుడు తెలిసింది. ఆ రాత్రి నుంచి మావారితో మాట్లాడ్డం మానేశాను. ఆయన గదిలోకి వచ్చి ఏదో చెప్పబోయారు. గోడ పైన ఖాళీ వైపు చూశారు. నోరు మూసుకున్నారు. నాకు కోపంతో పాటు భయం కూడా వేసింది. నెలాఖరు దగ్గర పడుతోంది. ఆయన మనసులో ఏముందో తెలియకుండానే నేను వద్దని రాసిచ్చేయాల్సి వస్తుందేమోనన్న భయం.

ఆదివారం ఇద్దరం రాజమండ్రి వెళ్ళాం, సెట్టు తిరిగి ఇచ్చేయడానికి. వెళ్ళేటప్పుడు నేనేం మాట్లాడలేదు. కొట్టాయన సెట్టు అటూ ఇటూ తిప్పి చూసి "దీంట్లో లోపమేం లేదండీ. మాట్లాడ్డం తెలియాలండి దీంతో" అన్నాడు.

ఆ మాటతో నాకున్న కాస్త ఓపికా పోయింది. "అయితే మీరే మాట్లాడి చూపించండి. మావారు నడుపుతారు. మీరు వెనకాల కూర్చోండి, నేను కూర్చున్నట్టు, ఒక పక్కకు" అన్నాను.

"నేనా అండీ? ఆడాళ్ళలా ఒక పక్కకా?"

"ఆడవాళ్ళకే కదా అమ్మారు. ఆ కండువా కూడా భుజం మీద వేసుకోండి. పైట ఉండాలిగా."

మెయిన్‌రోడ్డు మీద ఆదివారం సంత. ఆ జనంలో ఆయన నా హెల్మెట్ పెట్టుకుని, పైట వేసుకుని, రెండు కాళ్ళూ ఎడమ వైపు దించుకుని వెళ్తుంటే రోడ్డు రోడ్డంతా ఆగి చూసింది. గోదావరి గట్టు దాకా వెళ్ళి వచ్చారు. తిరిగొచ్చేసరికి వైరు ఆయన పీకకు రెండు చుట్లు చుట్టుకుంది. దిగబోయి మావారి తలను లాగాడు. "ఇదేంటండీ బాబూ, ఉరి పడిపోయేలా ఉంది!" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

వైరు విప్పుకుంటూ ఆయన ఇంకో మాట అన్నాడు. "అయినా మీవారు మరీ మితభాషండీ. బండి బాగుందండీ అన్నాను, గట్టు మీద గాలి బాగుందండీ అన్నాను. ఒక్కదానికీ పలకలేదు."

"పలికాను" అన్నారు మావారు. "ఊ అన్నాను."

"నాకు రాలేదే!"

నేను అక్కడికక్కడే హెల్మెట్ లాక్కుని పెట్టుకున్నాను. "బండి స్టార్ట్ చెయ్యండి. మీరు హెల్మెట్ పెట్టుకుని ఊ అనండి." ఇంజను మోగుతోంది. అన్నానన్నట్టు ఆయన చెయ్యెత్తారు. నా చెవిలో ఏమీ రాలేదు. "ఏవండీ, సరే అనండి." రాలేదు. "ఏదైనా పెద్ద మాట చెప్పండి." ఆయన కాసేపు ఆలోచించి "ఇవాళ ఎండ ఎక్కువగా ఉంది" అన్నారు. నాకు "ఎండ ఎక్కువగా ఉంది" అని వినపడింది.

అప్పుడు అర్థమైంది. దానికి తెరుచుకోవడానికి ఒక మాట కావాలి. ఆ మొదటి మాటను మింగేసి, తర్వాతవి పంపిస్తుంది. నేను ఏ మాటైనా "ఏవండీ" అనే మొదలుపెడతాను. అది ఏవండీని మింగేసి నా ప్రశ్న మొత్తం ఆయనకు భద్రంగా అందించింది. ఆయన మాట మొదలూ చివరా ఒక్కటే. ఊ, సరే, వద్దు, చూద్దాం. ఆయన జవాబు మొత్తం దానికి ఒక్క గుక్క. కొట్లో ఇంజను చప్పుడూ గాలీ లేవు కాబట్టి మింగిన సంగతి తెలియలేదు. ఎంత ఫారిన్ సరుకైతేనేం, ఇలాంటి మొగుళ్ళుంటారని వాళ్ళకెలా తెలుస్తుంది?

"అంటే, ఆ రోజు నేను అడిగినప్పుడు మీరు..."

"చెప్పాను" అన్నారాయన. "అడిగిన ప్రతిసారీ చెప్పాను."

"ఏం చెప్పారు?"

ఆయన హెల్మెట్ తీసి నా వైపు చూశారు. కొట్టాయన వైపు చూశారు. చుట్టూ మూగిన జనం వైపు చూశారు. తర్వాత గోళ్ళు చూసుకున్నారు. "బండెక్కు, చెప్తాను" అన్నారు.

నేను కొట్టాయన వైపు తిరిగాను. ఆయనకు నా ముఖం చూస్తే ఏమనిపించిందో గానీ నేను అడక్కుండానే అరలన్నీ తెరిచాడు. అట్టడుగు అరలో దుమ్ము పట్టిన పెట్టె ఒకటి ఉంది. "అది పాత రకమండీ" అన్నాడు తేలిగ్గా. "దానికి తెరుచుకోవడం, మూసుకోవడం ఉండదు. ఎప్పుడూ తెరిచే ఉంటుంది. గాలి చప్పుడొస్తుంది, ఊపిరి చప్పుడొస్తుంది, బ్యాటరీలు తినేస్తుంది. మీకొద్దండీ."

"అదే కావాలి" అన్నాను.

ఈసారి కుర్చీల్లో కూర్చోలేదు. మైకు కింది పెదవికి తగిలేంత దగ్గరగా పెట్టించి, దానికి మందపాటి స్పాంజి తొడిగించాను. అలా అయితే గాలికన్నా ముందు మాట అందుకుంటుంది. స్పీకర్లు హెల్మెట్ గోడకు కాకుండా చెవి మీద ఆనేలా లోపలి మెత్త కోసి కూర్పించాను. నా హెల్మెట్‌కు వైరు కుడి వైపున, ఆయనకు దగ్గరగా ఉన్న వైపున తీయించాను. పిన్నుకున్న మర తీసేయించాను. గట్టిగా లాగితే ఊడి రావాలి. భార్యకు కోపమొచ్చినప్పుడు భర్త మెడ విరగకూడదు. సంతలోంచి గట్టు దాకా వెళ్ళి, ఎదురుగాలిలో ఆయన చేత ఒకటికి పదిసార్లు ఊ అనిపించి, ప్రతి ఊ వినపడ్డాక గానీ ఊరుకోలేదు. కొట్టాయన పెట్టె కట్టిచ్చాడు.

ధవళేశ్వరం దాటి కాలవగట్టు ఎక్కాం. ఎండ వాలుతోంది. నేనింకా ఏమీ అడగలేదు. చెవిలో ఆయన ఊపిరి వినపడుతోంది. పెళ్ళయి అన్నేళ్ళయినా, బండి నడుపుతూ ఆయన ఊపిరి ఎలా తీసుకుంటారో నేనెప్పుడూ వినలేదు. మలుపు ముందు బిగబట్టేవారు, మలుపు తిరిగాక వదిలేవారు. నా కోపం ఎక్కడ జారిపోయిందో నాకే తెలియలేదు.

"ఏవండీ, ఆ రోజు ఏమన్నారు?"

"ఊ అన్నాను."

"ఊ అంటే?"

"వెళ్దాం అని."

"వెళ్దామా? నన్ను వెళ్ళమనా?"

ఒక పెద్ద ఊపిరి. "నువ్వొక్కదానివీ వెళ్తే నేనెవరితో మాట్లాడను? అక్కడే ఇల్లు తీసుకుందాం. నేను రావులపాలెం మీదుగా మండపేట వస్తాను. రోడ్డు బాగానే ఉంటుంది." మళ్ళీ ఆయనే అన్నారు. "నువ్వు స్కూలు నడిపితే చూడాలని ఉంది నాకు."

నేను ముక్కు ఎగబీల్చిన చప్పుడు కూడా ఆయనకు చేరి ఉంటుంది, ఆ సెట్టు దేన్నీ దాచదు. కడియం కనపడుతుండగా మళ్ళీ అడిగాను. "మావగారికి ఎవరు చెప్తారు?" ఈసారి జవాబు లేదు. అది సెట్టు మింగిన జవాబు కాదని నాకు తెలుసు. మావగారి ఎదుట ఆయన గొంతెత్తడం నేనెన్నడూ చూడలేదు. చెప్పవలసింది నేనేనని, చెప్తే అది ఇంటిని ఎదిరించిన కోడలి మాటగానే మిగులుతుందని అనుకున్నాను.

బండి మా వాకిట్లో ఆగింది. మావగారు అరుగు మీద కూర్చుని మామిడి అంట్లకు గోనెపట్టాలు చుడుతున్నారు. అత్తగారు గుమ్మంలో ఉన్నారు. నేను దిగి, వైరు లాగెయ్యబోతున్నాను. "ఏమ్మా, రేపు రాసిచ్చేస్తున్నావు కదా?" అన్నారు మావగారు తలెత్తకుండానే.

నా చెవిలో ఊపిరి బిగబట్టిన చప్పుడు వినపడింది. మలుపు ముందు బిగబట్టే ఊపిరి అది. నా చెయ్యి వైరు మీదే ఆగిపోయింది.

"నాన్నగారూ, తను వద్దని రాసివ్వదండి" అన్నారు మావారు. "మేం పెనుగొండ వెళ్తున్నాం. పాపను కూడా అక్కడే బళ్ళో వేస్తాం. ఆదివారాలు వస్తాం."

మావగారు చేతిలో పని ఆపి తలెత్తారు. ఎదుట కొడుకు ముఖం లేదు. నల్లటి అద్దం ఉంది. "ఏంటిరా అది? ముందా హెల్మెట్ తీసి మాట్లాడు" అన్నారు.

"తీస్తే మాట్లాడలేనండీ."

మావగారు కొడుకునూ, ఆయన తల నుంచి నా తలకున్న వైరునూ చాలాసేపు చూశారు. తర్వాత చేతిలో ఉన్న అంటు మట్టిముద్దను మెల్లగా సర్ది, పట్టా బిగించి ముడి వేశారు. "ఇల్లు చూశారా?" అని మాత్రం అడిగారు.

"చూడాలండి" అన్నారు మావారు.

అప్పుడు గుమ్మంలోంచి అత్తగారు అన్నారు, "గోడలు పైదాకా ఉన్న ఇల్లు చూసుకోండమ్మా." నేను ఉలిక్కిపడి ఆవిడ వైపు తిరిగాను. ఆవిడ అప్పటికే వంటింట్లోకి వెళ్ళిపోయారు.

పెనుగొండలో గోడలు పైదాకా ఉన్న ఇల్లే దొరికింది. స్లాబు ఇల్లు, తలుపులు వేస్తే పక్కింటి రేడియో కూడా వినపడదు. ఎవరైనా ఎంతైనా మాట్లాడుకోవచ్చు. మావారు మాత్రం ఆ ఇంట్లో కూడా గోళ్ళే చూసుకునేవారు. గోడలది తప్పు కాదని నాకప్పుడే తెలిసింది. హెల్మెట్లు రెండూ గుమ్మం పక్కన మేకుకు వేలాడేవి, మధ్యలో వైరు చుట్టి. సాయంత్రాలు నేను వంట చేస్తుంటే ఒక్కోసారి వెనకాల అలికిడయ్యేది. తిరిగి చూస్తే ఆయన ఆ రెండు హెల్మెట్లూ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండేవారు. నేను పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని వెళ్ళేదాన్ని.